బల్లి తీసిన బ్యాకప్

సెలూన్ కుర్చీలో ముఖం నిండా నురగతో కూర్చున్నాడు పెద్దాయన. సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఆయనే. మంగలి వేషంలో ఆయనకి గడ్డం గీస్తున్నవాడు ఏజెంట్ బల్లి. ఎలాంటి గోడనైనా అంటుకుపోతాడని ఆ పేరు.

"నా లీవు అప్లికేషన్ చూశారా సార్?"

"నీ తమ్ముణ్ణి విదేశీ ముఠా పట్టుకుంది."

కత్తి ఆగింది. తమ్ముడూ ఏజెంటే.

"ఎక్కడ దాచారు?"

"అదే తేలాలి. ఊరి చివర ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు ఆన్‌లైన్‌లో పూల అలంకరణ కోర్సు నడుపుతున్నారు. విద్యార్థులంతా ముఠా మనుషులే. ఫోరమ్‌లో గులాబీ, చామంతి అంటూ కోడ్‌లో మాట్లాడుకుంటారు. పోస్టులతో సహా మొత్తం కోర్సు బ్యాకప్ తీసి పంపు, కోడ్ మనవాళ్ళు విప్పుతారు. సాయంత్రం వాణ్ణి సరిహద్దు దాటించేస్తారు. ఒరేయ్, మెడ దగ్గర జాగ్రత్త!"

మధ్యాహ్నానికల్లా బల్లి ట్రైనింగ్ సెంటర్ సర్వర్ రూములో ఉన్నాడు. టెక్నీషియన్ యూనిఫారం, పెట్టుడు మీసం. కిటికీల్లేని గది. ఏసీ చలికి మీసం జిగురు పట్టు వదులుతోంది.

బ్యాకప్ పేజీ తెరిచాడు. పాఠాలు, క్విజ్‌లు అన్నింటికీ టిక్ ఉంది. 'యూజర్ డేటా' గడి మాత్రం బూడిద రంగులో ఉండి, ఎంత నొక్కినా ఉలకలేదు, పలకలేదు. తనకిచ్చిన అకౌంట్‌కి ఆ అనుమతి లేదు. అది లేకపోతే పాఠాలొస్తాయి, పోస్టులు రావు. పూలు కట్టడం నేర్చుకోవచ్చు గానీ తమ్ముడు దొరకడు.

అయితే సర్వర్ సెట్టింగులు తన చేతిలోనే ఉన్నాయి. ఒకచోట టిక్ పెట్టి, ఒక ఫోల్డర్‌ని చేతి వాచీలోని ట్రాన్స్‌మిటర్‌కి కలిపాడు. మిగతా పని కోర్సు ఓనర్ అకౌంట్‌తోనే అవుతుంది. ఓనర్ టీచరమ్మ. ముఠాలో ఉంటూ తమకి రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఆమెకి కబురు పెట్టాడు.

తలుపు మీద తట్టిన చప్పుడు. వెంటనే సంకేత వాక్యం.

"ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంది."

"మెల్లగా లాగాలి," అని బదులు సంకేతం చెప్పి తలుపు తీశాడు.

నల్లకళ్ళద్దాలు, సిల్కు స్కార్ఫు, ఆమెకన్నా ముందొచ్చిన సెంటు వాసన. తలుపు మూసుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు బయటికొచ్చింది.

"మీ తమ్ముణ్ణి పట్టించింది నేనే, టెక్నీషియన్ గారూ."

బల్లి తన కార్డు తలుపుకి ఆనించాడు. ఎర్రలైటు. కార్డు అప్పటికే రద్దు చేసేశారు. తలుపు అద్దం అవతల ముఠా గార్డులు వీపులు చూపిస్తూ నిలబడ్డారు. పూర్తిగా ఇరుక్కుపోయానని తెలిసొచ్చింది. ఎన్నో గోడలెక్కినవాడికి ఈ నాలుగు గోడలూ ఎందుకూ పనికిరాలేదు.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నన్నేమైనా చెయ్యండి. కోర్సు మాత్రం డిలీట్ చెయ్యకండి. నాకున్నది వాడొక్కడే, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

నటించాల్సిన అవసరం రాలేదు. భయం నిజమే, కన్నీళ్ళూ నిజమే.

"సాయంత్రం దాకా ఉంచుదామనుకున్నాను," నవ్వింది టీచరమ్మ. "మీరింతగా బతిమాలుతుంటే ఆగాలనిపించట్లేదు."

లాగిన్ అయింది. డిలీట్ నొక్కింది. 'నిజంగానే తొలగించాలా?' అనడిగితే అవునంది. తెరమీద గీత నత్తనడక నడిచింది.

"చెరపడానికి ఇంతసేపా?"

"పాత సర్వరండీ."

కోర్సు మాయమైంది. అతని మణికట్టు మీద వాచీ చిన్నగా వణికింది.

"మీసం సరిచేసుకోండి. అందంగా పోవాలి కదా," అంటూ ఆమె గురిపెట్టింది.

అద్దం అవతల గార్డులు కుప్పకూలారు. గార్డు కార్డుతో తలుపు తెరిచి కొందరు లోపలికి దూసుకొచ్చారు. ఫైలు అందగానే విరుచుకుపడమని పెద్దాయన బయట కాపలా పెట్టిన మనుషులు వాళ్ళు. ఆమె అటు తిరిగింది. బల్లి ఎగిరి ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. గుండు సీలింగులో దిగింది.

"ఎలా?" అంది టీచరమ్మ, చేతులకి బేడీలు పడుతుంటే.

"ఏ కోర్సు డిలీట్ చేసినా, ఈ సాఫ్ట్‌వేర్ ముందుగా పోస్టులతో సహా పూర్తి బ్యాకప్ తీసి రీసైకిల్ బిన్‌లో దాస్తుందండీ. నేను టిక్ పెట్టింది దానికే. మీరు మావైపనుకుని, డిలీట్ చెయ్యమని అడగడానికే పిలిచాను. అడక్కుండానే చేశారు."

సాయంత్రం అవుతుండగా చెవిలోని ఇయర్‌పీస్ పలికింది.

"అన్నయ్యా, నేనే. బాగానే ఉన్నాను. ఆకలేస్తోంది."

బల్లి ఊడిన మీసంతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత పెద్దాయన గొంతు: "శభాష్ రా. అన్నట్టు, నీ లీవు అప్లికేషన్ పొరపాటున డిలీట్ అయిపోయింది."

"పర్లేదు సార్, రీసైకిల్ బిన్ చూడండి."