అద్దకాల వీధిలో మధ్యాహ్నం

చూరులు దాదాపు కలిసిపోయే ఆ ఇరుకు వీధిలో మిట్టమధ్యాహ్నానికే మునిమాపు వాలేది. గోడలూ కప్పులూ ఒకటే నలుపు. కాకులు పొద్దు తెలియక చూరుల మీద కునికేవి. మనుషులు కలలో ఉన్నట్టు మెల్లగా నడిచేవారు, గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

అదంతా డాక్టర్ హైమవతి కనిపెట్టిన సోలార్ పొర మహిమ. వెంట్రుకలో వెయ్యోవంతు సన్నని నానో స్తంభాలు ఆ పొర నిండా అడవిలా నిలబడి ఉంటాయి. వాటి మధ్య దూరిన కాంతి వలలో పడ్డ చేపలా అటూ ఇటూ కొట్టుకుని చివరికి కరెంటుగా మారుతుంది. ఒక్క కిరణమూ వెనక్కి రాదు. చీరాల దాటాక ఉన్న ఈ అద్దకాల వీధిలో ప్రయోగంగా ప్రతి గోడకూ కప్పుకూ ఆ పొర అంటించారు; ఏడాదిగా కరెంటు ఉచితం. ఎండాకాలమూ చల్లగానే గడిచింది.

ప్రయోగాన్ని దగ్గరుండి చూసుకోవాలని హైమవతి అక్కడే అద్దెకు దిగింది. అక్కడుండగానే తల్లయింది. పాపను ఇంటికి తెచ్చిన మర్నాడు, పక్కింటి మాణిక్యాంబ చూడవచ్చింది. నలభై ఏళ్లుగా నూలుకు రంగులద్దుతున్న మనిషి. ఉయ్యాల మీదికి వంగి చాలాసేపు లేవలేదు.

"పాలు తాగుతోందా అమ్మాయ్?"

"నిద్రే ఎక్కువ పిన్నిగారూ. మంచి పిల్ల, ఏడవదు."

"రంగు తేడాగా ఉందే. ఈ దీపం వెలుగులో ఏదీ తేల్చలేను. నేనిప్పుడు నూలు కూడా కాలవ గట్టుకు మోసుకెళ్లే చూస్తున్నా. పద, ఎండలోకి పోదాం."

మాణిక్యాంబ పాపను ఎత్తుకుంది. వీధి మలుపు దాటగానే ఎండ మీద పడింది. హైమవతి కళ్లు చిట్లించి పాపకేసి చూసింది. నుదురు, పొట్ట, అరికాళ్లు, అంతటా పసుపు. కంటి తెలుపు కూడా పచ్చబడింది. అటునుంచి అటే పాపను ఆస్పత్రికి తీసుకెళ్లింది.

"కామెర్లు. రేపటిదాకా ఆగి ఉంటే కష్టమయ్యేది," అన్నారు ఆస్పత్రిలో. పాపను నీలిదీపాల కింద పడుకోబెట్టారు. మూడు రోజులు హైమవతి ఆ దీపాల పక్కనే కూర్చుంది. లోకంలో కాంతినంతా పట్టగలిగిన తను, కన్నబిడ్డ రంగు చూడలేకపోయింది.

తిరిగొచ్చాక వీధివాళ్లందరినీ పిలిచి, జరిగింది చెప్పింది. "కప్పుల మీద పొర ఉంచుకుందాం. గోడల మీది పొర తీసేసి సున్నం వేద్దాం. కరెంటు సగమవుతుంది, వీధికి వెలుగొస్తుంది."

ఓ పెద్దాయన లేచాడు. "పాప బాగుంది కదమ్మా, అదే పదివేలు. కానీ ఈ చల్లదనానికి అలవాటు పడ్డాం. మళ్లీ ఆ ఎండలో మాడలేం. పొర జోలికి రాకు తల్లీ."

సున్నానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమంటే మాణిక్యాంబ చెయ్యి ఒక్కటే లేచింది.

ఆ వారం నుంచి పొద్దున్నే ఆ వీధి తల్లులు పసిబిడ్డలను ఎత్తుకుని, ఎండ వెతుక్కుంటూ వీధి మలుపు దాటి కాలవ గట్టుదాకా నడుస్తున్నారు. వరసలో అందరికన్నా వెనక, ఇంకా పచ్చిబాలింతరాలు కనుక మెల్లగా, ఆ పొర కనిపెట్టిన సైంటిస్టు నడుస్తోంది.