శుక్రవారం తవ్విన కట్ట

ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో రేవు నుంచి గనులకి వేస్తున్న రైలు దారి ఒక ఊబి దగ్గరికొచ్చి చతికిలబడింది. పగలు పోసిన మట్టి తెల్లారేసరికి కుంగిపోయేది. చుట్టూ తిప్పి వేద్దామని ఇంజనీరు దొర. ఇప్పటికే ఖర్చు తలకు మించింది, తిన్నగానే పోవాలని లెక్కల దొర. వాళ్లిద్దరి పంతాల మధ్య, పోసిందే మళ్లీ పోయలేక మేస్త్రీ ఎకో ముఠాకి తలప్రాణం తోకకొచ్చింది.

కిందటి వారం కట్ట విరిగి ఎకో తమ్ముడు అన్సా మీద పడింది. తవ్వి తీద్దామన్నాడు ఇంజనీరు. మళ్లీ పోసే ఖర్చెవడు పెట్టుకుంటాడని లెక్కల దొర కళ్లెర్రజేశాడు. ఇంజనీరు పైవాళ్లకి చెప్పుకోవడానికి రేవుకి వెళ్లిపోయాడు. అన్సా మట్టిలోనే ఉండిపోయాడు. శవాన్ని ఇంటికి చేర్చకుండా అమ్మ మొహం చూసేదెలాగో ఎకోకి తెలియలేదు.

శుక్రవారం భూమాత ఎఫువా రోజు. అక్కడి ఫాంటీ తెగవాడెవడూ ఆ రోజు మట్టిలో పార దించడు. పనుండదు కనక దొర కూడా అటు రాడు. మధ్యాహ్నం ఎకో పార పట్టుకుని బయల్దేరాడు.

"మతి పోయిందా నీకు? ఇవాళ ఆ తల్లి పడుకుంటుంది, లేపకురా!" అంటూ అతని బావ కొబినా వెంటపడ్డాడు.

"మిగతా రోజులు దొర తవ్వనివ్వడు, ఇవాళ తల్లి తవ్వనివ్వదు. మరి వాణ్ణెప్పుడు తీసుకెళ్లమంటావు బావా?"

కొబినా కట్ట అవతలికి దిగి, ఊబి పక్కన కూలబడ్డాడు.

ఆకాశం మూసుకొచ్చింది. గాలి లేదు. కుళ్లిన ఆకుల కంపు. నడుం లోతు తవ్వి, ఊపిరి పీల్చుకోవడానికి ఎకో ఆగాడు.

పార చప్పుడు ఆగలేదు... కింద నుంచి వస్తోంది.

"అన్సా?" అన్నాడు గుసగుసగా.

"నేనే అన్నా... ఆపకు."

వారం రోజులు మట్టి కింద మనిషి బతకడని ఎకోకి తెలుసు. తెలిసీ ఏడుస్తూ తవ్వాడు. మట్టి చీల్చుకుని ఒక చెయ్యి వచ్చింది. రెండు చేతులా పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది!

అప్పుడే కట్ట అవతల నుంచి కొబినా గావుకేక.

"ఎకో! పైకి రా! అన్సా ఇక్కడున్నాడు... ఊబి బయటికి నెట్టేసింది... పాపం, ఎప్పుడో పోయాడు..."

ఎకో తన చేతుల్లో ఉన్నదాన్ని చూశాడు. మెత్తని అరచెయ్యి. ఒక్క కాయ కూడా లేదు. పార పట్టి ఎరగని చెయ్యి... వదిలాడు. అది వదల్లేదు.

"ఎంత అలిసిపోయావో అన్నా... వచ్చి పడుకో."

కేక వెయ్యబోయాడు. ఆగాడు. నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. మోకాళ్ల దాకా మట్టి వెచ్చగా ఉంది. దాని కింద ఎవరో పక్కకి జరిగి, అతనికి చోటిచ్చారు.