ఎడమ వైపు దూది

ఆ ఉదయం అద్దం ముందు నిలబడి బుల్లి, ఎదురుగా ఎవరూ లేకపోయినా పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ మాట్లాడుతోంది.

"గుడ్ మార్నింగ్ మేడమ్! మీ ఆరోగ్యం కోసం ఒక్క రెండు నిమిషాలు..."

"ఫోన్లో నవ్వు కనపడదు కదే, ఎందుకా తిప్పలు?" అంది అమ్మ, ఎవరిదో పాత కోటుకు గుండీ కుడుతూ.

"కనపడకపోయినా వినపడుతుందట. మా సార్ చెప్పారు."

ఆ సార్‌కి ఆఫీసులో పిల్లలంతా స్మైల్ సార్ అని పేరు పెట్టారు. నవ్వమని చెప్పడమే గానీ ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. బుల్లి చదివే బిజినెస్ కోర్సులో చివరి ఏడాదంతా ఏదో ఒక కంపెనీలో సేల్స్ ఇంటర్న్‌గా పనిచేయాలి. పన్నెండు నెలలూ నిండి, కంపెనీ సర్టిఫికెట్ ఇస్తేనే డిగ్రీ. ఆమెకు దొరికింది బరువు తగ్గడానికీ పెరగడానికీ పొడి డబ్బాలు అమ్మే కంపెనీ. పది నెలలు గడిచాయి.

"ఇదివరకు ఈ వేళకి ఇద్దరు ముగ్గురైనా వచ్చి కూర్చునేవాళ్ళు," అంది అమ్మ, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ. "ఈమధ్య ఒక్కరూ గుమ్మం తొక్కట్లేదు. నా కుట్టేమైనా పాడైందంటావా?"

"నీ కుట్టుకేం? అందరూ రెడీమేడ్‌కి ఎగబడుతున్నారు," అన్నాడు నాన్న. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీకి టైమవుతోందని బూట్లు తొడుక్కుంటున్నాడు. "అయినా నీకెందుకే దిగులు? ఈ నెల కూడా అందరికంటే ఎక్కువ అమ్మిందని దీని ఫొటోనే ఆఫీసు గోడ మీద పెట్టారట!"

బ్యాగు సర్దుకునే నెపంతో బుల్లి లోపలి గదిలోకి వెళ్ళింది. అమ్మ దగ్గరికి జనం ఎందుకు రావట్లేదో ఆమెకు సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మొదటి రెండు నెలల్లో ఆమె ఒక్క డబ్బా కూడా అమ్మలేకపోయింది. రోజుకు నూట ఇరవై ఫోన్లు. పేరు చెప్పకముందే పెట్టేసేవాళ్ళు కొందరు, తిట్టి పెట్టేసేవాళ్ళు కొందరు. మధ్యాహ్నం బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేది. రెండో నెలాఖరున స్మైల్ సార్ ఆమెను అందరి ముందూ నిలబెట్టాడు.

"ఇంకొక్క నెల చూస్తాను. ఆ తర్వాత మీ కాలేజీకి లెటర్ రాసేస్తాను. అయినా మీ అమ్మ ఏం చేస్తుందన్నావ్? టైలరా? ఇంట్లో అంతమంది కస్టమర్లని పెట్టుకుని, వీధుల్లో వెతుకుతావేంటమ్మా?"

ఆ సాయంత్రం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, బుల్లి ఆవిడ కొలతల పుస్తకం తీసి పేజీలన్నీ ఫొటోలు తీసుకుంది. ఇరవై ఏళ్ళుగా వస్తున్న ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు, ఏ ఏడాది ఏ కొలత ఎంతో, పక్కనే అమ్మ రాసుకున్న చిన్న చిన్న గుర్తులు. 'కుడి భుజం వాలు.' 'పొట్ట దగ్గర వదులు, పైకి అనొద్దు.' అన్నీ ఆఫీసు కంప్యూటర్లో ఎక్కించింది. రిమార్కుల గడి ఖాళీగా ఉంటే స్మైల్ సార్ ఊరుకోడు. అందుకని ఆ గుర్తులు కూడా ఉన్నవి ఉన్నట్టు కొట్టేసింది.

నడుం కొలత పెరిగినవాళ్ళకి ముందు ఫోన్ చేసింది. "ఈమధ్య కాస్త నడుం దగ్గర ఇబ్బందిగా ఉంది కదా మేడమ్?" అనగానే అవతల గొంతు ఆగిపోయేది. ఆ ఆగిన చోటే డబ్బా అమ్ముడుపోయేది. కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ కూడా ఒక్కొక్కరే అమ్మ దగ్గరికి రావడం మానేశారు.

కాలింగ్ బెల్ మోగింది. అమ్మ వెళ్ళి తలుపు తీసింది. లెక్కల టీచరు. బుల్లికి స్కూల్లో మూడేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు.

"రా అక్కా, ఇవాళ స్కూల్లేదా?" అంది అమ్మ, సంబరంగా కుర్చీ దులుపుతూ.

టీచరు గుమ్మంలోనే నిలబడింది. "కూర్చోడానికి రాలేదండీ," అంది.

బుల్లి లోపలి గదిలో ఉలిక్కిపడింది. ఇరవై ఏళ్ళుగా అమ్మను ఆవిడ 'చెల్లీ, నువ్వు' అనడమే విన్నది.

"నిన్న స్టాఫ్‌రూంలో పేపర్లు దిద్దుతున్నాను. ఫోనొస్తే స్పీకర్ పెట్టాను. ఎవరో అమ్మాయి. బరువు పెరగడానికి పొడి తీసుకోమంది. నా ఛాతీ కొలత రెండేళ్ళలో ఎంత తగ్గిందో అంకెతో సహా చెప్పింది. ఆ తర్వాత, 'ఎడమ వైపు దూది అని రాసుంది మేడమ్, అంటే ఏంటి?' అని అడిగింది. వెక్కిరింపు కాదు. పాపం, తెలియకే అడిగింది. గదిలో పదకొండు మంది ఉన్నారు."

బుల్లికి అప్పుడు అర్థమైంది. రెండేళ్ళ క్రితం టీచరు నాలుగు నెలలు సెలవు పెట్టింది. ఏదో చిన్న ఆపరేషన్ అని చెప్పి ఊరుకుంది అమ్మ.

"రొమ్ము తీసేసిన సంగతి డాక్టర్లకి తెలుసు, మీకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదనే కదండీ మీ చేత లోపల దూది పెట్టించి కుట్టించుకున్నాను? మీ పుస్తకంలో మాట వాళ్ళ నోటికెలా వచ్చింది? అమ్ముకున్నారా?"

అమ్మ ఒక్కసారి లోపలి గది వైపు చూసింది. అంతే, చూపు తిప్పుకుంది.

"నేనే ఇచ్చానక్కా," అంది. "బుద్ధి గడ్డి తిని ఇచ్చాను."

"అక్కా అనకండి," అంది టీచరు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాన్న బూటు లేసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బుల్లి బయటికి వచ్చింది.

"ఎన్ని పేజీలు తీశావు?" అంది అమ్మ.

"అన్నీ."

"ఒక్క మాట నన్నడగాల్సింది."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇవ్వను. అది తెలుసు కాబట్టే నువ్వడగలేదు."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావ్? నేనని చెప్పొచ్చుగా!" బుల్లి అరిచింది.

"నా మీద కోపమైతే ఇంకో టైలర్ని చూసుకుంటుంది. తను చదువు చెప్పిన పిల్లే ఇంత పని చేసిందంటే ఎలా తట్టుకుంటుందే?" అమ్మ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది. "టేపు చుట్టగానే ఎవరైనా ఊపిరి బిగపడతారు. అప్పుడు నేను పక్కకి చూస్తాను. కుట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. వాళ్ళు సిగ్గుపడకుండా చూసుకోవడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది."

"జరిగిందేదో జరిగింది," అన్నాడు నాన్న, ఎవరి ముఖమూ చూడకుండా. "రెండు నెలలు కళ్ళు మూసుకుంటే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఆఫీసులో మాత్రం గొడవ పెట్టుకోకు."

బుల్లి ఆఫీసుకు వెళ్ళి తిన్నగా స్మైల్ సార్ బల్ల ముందు నిలబడింది.

"మా అమ్మ కస్టమర్ల లిస్టు తీసెయ్యండి సార్."

"మీ అమ్మదేంటి? అది ఇప్పుడు కంపెనీది. మన ఆరు బ్రాంచీలకీ పంపించాం. నీ రిమార్కులు ఎంత బావున్నాయో తెలుసా?" అన్నాడాయన. ఆయన నవ్వగా బుల్లి మొదటిసారి చూసింది.

మధ్యాహ్నం ఆమె హెడ్డాఫీసుకు తన పేరుతోనే మెయిల్ రాసింది. అనుమతి లేకుండా తనే ఆ వివరాలు ఇచ్చిందని, దానివల్ల ఒక మనిషి పరువు పోయిందని, వెంటనే చెరిపెయ్యమని. మూడో రోజు జవాబు వచ్చింది. ఇతరుల వ్యక్తిగత వివరాలు అనుమతి లేకుండా సేకరించినందుకు ఆమె ఇంటర్న్‌షిప్ రద్దు చేశారట. లిస్టు గురించి ఒక్క ముక్క లేదు. గోడ మీద ఫొటో ఆ పూటే తీసేశారు. కాలేజీలో, ఏడాది మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే అన్నారు. నాన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు.

ఆదివారం బుల్లి టీచరు ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు. తలుపు తీసిన టీచరు ఇంట్లో కూడా పొడుగాటి కోటు వేసుకుని ఉంది.

"అమ్మ ఇవ్వలేదు టీచర్. నేను దొంగతనంగా ఫొటోలు తీశాను. ఆ మాట కంప్యూటర్లో కొట్టింది నేనే. అర్థం తెలియకుండానే కొట్టాను."

"క్షమించమని అడగడానికొచ్చావా?"

"అడిగే ముఖం లేదు. అమ్మ తప్పు లేదని చెప్పడానికొచ్చాను."

"చెప్పావుగా." టీచరు తలుపు మీద చెయ్యి వేసింది. "మీ అమ్మని నానా మాటలూ అన్నాను. ఫోన్ చేస్తాను. కానీ ఇంక ఎవరి చేతా కుట్టించుకోలేనమ్మా. టేపు తలుచుకుంటేనే ఒళ్ళు ముడుచుకుపోతోంది. షాపులో దొరికిందేదో వేసుకుంటాను."

తలుపు మెల్లగా మూసుకుంది.

బుల్లి ఇల్లు చేరేసరికి అమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అక్క ఫోన్ చేసింది. 'చెల్లీ' అంది."

"ఇంకేమంది?"

"నీకూ చెప్పిందటగా. షాపులో కొనుక్కుంటుందట. ఆవిడకి సరిపోయేవి ఏ షాపులోనూ ఉండవే బుల్లీ. వాళ్ళు రెండు వైపులా ఒకేలా కుడతారు."

ఇన్ని రోజుల్లో ఒక్క చుక్క కన్నీరు పెట్టని అమ్మ బావురుమంది. వృథా అయిన ఏడాది కోసం బుల్లి ఈ వారమంతా ఏడుస్తూనే ఉంది. ఈ మాట విన్నాక మాత్రం, ఆ ఏడుపంతా తన కోసమేనని ఆమెకు మొదటిసారి తెలిసింది. కింద కూలబడి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మ ఆమె తల మీద చెయ్యి వెయ్యడానికి కొంతసేపు పట్టింది. వేసింది.

నాన్న వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, కూతురి పక్కన నేల మీద పెట్టి వెళ్ళాడు.

"ఆ లిస్టులో ఎంతమంది?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుని.

"నూట పద్నాలుగు."

"రేపట్నించి ఒక్కొక్కరింటికీ వెళ్దాం. నేనూ వస్తాను."

"తలుపులు తియ్యరేమో అమ్మా."

"తియ్యకపోతే బయటే నిలబడి చెబుదాం," అంది అమ్మ.