ఉప్పులేని పథ్యం

"మా వాడికి లోపల ఎవరో మత్తుమందు అందిస్తున్నారండీ. వాళ్లెవరో మీరే పట్టుకోవాలి," అంటూ కుల్సుమ్ ఏలూరులోని ప్రైవేట్ డిటెక్టివ్ పాండురంగారావు ఆఫీసులో కూలబడింది.

బట్టలు కుట్టి బతికే మనిషి, చదవడం రాదు. పదహారేళ్ల కొడుకు ఫర్హాన్‌కు మనసు నిలకడగా ఉండదు; దానికి తోడు దగ్గుమందు తాగడం మరిగాడు. మనసు కుదుటపడటానికి డాక్టరు లిథియం మాత్రలు రాశాడు. అలవాటు మాన్పిస్తారని తాడేపల్లిగూడెంలో జగ్గారావు అనే ఆయన నడిపే కేంద్రంలో చేర్పించింది. నెల తిరక్కుండానే వాడు మళ్లీ తాగాడనీ, రేపటికల్లా తీసుకుపొమ్మనీ కబురొచ్చింది.

అసిస్టెంటు వీరదుర్గ వెంటనే కారు తీసింది.

కేంద్రం గేటుకి ఎర్రక్షరాల బోర్డు: 'ఉప్పు, పులుపు లేని కఠిన పథ్యంతో వ్యసన విముక్తి.' పాండురంగారావు దాన్ని రెండుసార్లు చదివి మూతి విరిచాడు. జగ్గారావు వైద్యం చదవలేదు గానీ మెడలో స్టెతస్కోపు వేలాడుతోంది. అజ్ఞానానికి అంత దర్జా ఎక్కడిదో!

ఫర్హాన్ చేతులు వణుకుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. నిలబెడితే తూలాడు. పాండురంగారావు వంగి నోటి దగ్గర వాసన చూశాడు. ఏమీ లేదు.

"నేను తాగలేదండీ," అన్నాడు కుర్రాడు.

"తాగినోడు తాగానని ఒప్పుకుంటాడేంటండీ!" జగ్గారావు నవ్వాడు.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?" అడిగాడు పాండురంగారావు.

"పూటపూటా నా చేత్తోనే వేస్తున్నానండీ."

"బయటివాళ్లెవరైనా వస్తారా?"

"ఆదివారం ఈ తల్లొక్కతే వస్తుందండీ. ఈవిడే తెచ్చుంటుంది."

కుల్సుమ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

వంటమనిషి యేసమ్మ మాత్రం, "కూరలో ఉప్పు రవ్వంత కూడా తగలకూడదన్నారండీ, పిల్లలు తినలేక ఏడుస్తారు," అంది. కేంద్రంలో ఉన్న మిగతా ముగ్గురు కుర్రాళ్లూ అదే కూడు తింటున్నారు. నీరసమే తప్ప వాళ్లకు వణుకు లేదు, ఈ మాత్రలూ లేవు. ఫైల్లో డాక్టరు చీటీ అడుగుభాగం కత్తెరతో నున్నగా కోసి ఉంది. అది వీరదుర్గే చూసింది. పాండురంగారావు డాక్టరుకు ఫోన్ చేసి, కుర్రాణ్ణి అప్పటికప్పుడే ఏలూరు ఆసుపత్రికి తరలించాడు.

మూడోనాడు పాండురంగారావు ఆసుపత్రిలో ఫర్హాన్ మంచం దగ్గరికి అందరినీ పిలిపించాడు. ఎస్సై కూడా వచ్చాడు.

"మత్తుమందు ఎవరూ తేలేదు," అన్నాడు పాండురంగారావు. "తిండిలో ఉప్పు తగ్గితే లిథియం ఒంట్లోంచి సరిగా బయటికి పోదు. పేరుకుని విషమవుతుంది. అప్పుడు మనిషి అచ్చం తాగినవాడిలా తూలతాడు. రక్తపరీక్ష అదే తేల్చింది. ఇంకో రెండ్రోజులైతే ప్రాణం పోయేది."

"డాక్టరు నాకు చెప్పలేదండీ!" అన్నాడు జగ్గారావు.

"రాశాడు. 'ఉప్పు తగ్గించకూడదు, నీళ్లు బాగా తాగించాలి' అని చీటీ అడుగున తెలుగులోనే రాశాడు. ఆయన దగ్గర కార్బన్ కాపీ ఉంది. అది మీ బోర్డుకు అడ్డమొచ్చింది, కత్తెరేశారు."

"పథ్యం లేకుండా మందెలా పనిచేస్తుందండీ? మా తాతల నాటి నుంచీ..."

"మీ తాతకు లిథియం తెలియదు. మీకు చదవడం కూడా వచ్చు. రానివాడైతే జాలిపడేవాణ్ణి."

వీరదుర్గ మెచ్చుకోలుగా ఆయన వైపు చూసింది. జగ్గారావును ఎస్సై బయటికి నడిపించాడు.

కుల్సుమ్ కొడుకు చెయ్యి పట్టుకోబోయింది. వాడు వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరిచ్చారో కనుక్కోమని ఈయన దగ్గరికెళ్లావు. నేను తాగలేదేమోనని ఒక్కసారైనా అనుకున్నావా, అమ్మీ?"