నాలుగో పాదం ఖాళీ

మౌలాలి బజారులో ఆ ఉదయం తొమ్మిదింటికే జనానికి ఒళ్ళు జలదరించడం మొదలైంది. కూరగాయలు బేరమాడేవాళ్ళూ బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ ఉన్నట్టుండి కళ్ళు మూసుకుని, తల ఊపి, మళ్ళీ పనిలో పడుతున్నారు. అందరి చెవుల్లోనూ ఒకే పాట. పాటలు వినే చెవిపూసలు బాగుచేసే దుకాణంలో కూర్చున్న ఎస్తేరుకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

ఆ పాట భూలక్ష్మిది. తొమ్మిదేళ్ళపాటు ‘ఎదురుబొదురు’ అనే పేరుతో వాళ్ళిద్దరూ జంటగా ర్యాప్ పాడారు. మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని, మూడు పాదాలు భూలక్ష్మి అంటే నాలుగోది ఎస్తేరు అందుకుని దెబ్బ కొట్టినట్టు ముగించేది. జనం ఈలలు వేసేది ఆ నాలుగోదానికేనని ఎస్తేరు గట్టి నమ్మకం. ఆరు నెలల కిందట భూలక్ష్మి, “కొన్నొద్దులు ఒక్కదాన్నే పాడి చూస్తనే” అంటూ వెళ్ళిపోయింది. ఇవాళ ఆమె ఒంటిపాట విడుదలైంది.

“జర జల్ది చెయ్యవే బిడ్డా,” అంది తన పూస బాగుకిచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్న రత్నాబాయి. “పొద్దుగూకేలోపు నేను గూడ ఇనాలె. నా ఒళ్ళు గూడ లెక్కల పడాలె గదా.”

“మీ ఒక్క ఒళ్ళు పడకపోతే కొంపలేం మునగవు పెద్దమ్మా.”

“గట్లంటవేందే? నీ జోడుగత్తె పాటనే గదా!”

ఎస్తేరు పళ్ళు కొరుక్కుంటూ పూసలో సన్నటి పట్టకారుతో గుచ్చింది. పాట ఎలా ఉందో పూర్వం పత్రికల్లో విమర్శకులు రాసేవారట. ఇప్పుడా పని రసపీఠం అనే యంత్రానిది. వినేవాళ్ళ గుండెదడ, ఊపిరి, రోమాంచం చెవిపూస కొలిచి పంపుతుంది. పొద్దున్న వచ్చేది పచ్చిపాట. సూర్యాస్తమయానికల్లా రసపీఠం తుది విమర్శ ప్రకటించి, శ్రోతల ఒళ్ళు చల్లబడిన చోటల్లా పాటను తానే కత్తిరించి అతికించి, పక్కాపాట చేసేస్తుంది. ఆ తర్వాత పచ్చిపాట ఎవరి దగ్గరా మిగలదు, పాడినవాళ్ళ దగ్గర కూడా.

గోడ మీది రసపీఠం పలకలో మధ్యాహ్నపు తాత్కాలిక విమర్శ వెలిగింది. “ఈ గొంతు ఇన్నాళ్ళూ సగమే వినిపించింది. జంట విడిపోవడం పాటకు మేలు చేసింది. అయితే ప్రతి మూడు పాదాల తర్వాతా ఒక ఖాళీ ఉన్నది. అది సొగసా, లోపమా అన్నది శ్రోతల్లో ఇంకా తేలలేదు.”

మేలు చేసిందట! ఎస్తేరు ఆ వాక్యం రెండుసార్లు చదివింది. అంటే తొమ్మిదేళ్ళూ తను అడ్డం నిలబడ్డట్టా? ఏడుపు రాలేదు, కుళ్ళు వచ్చింది. ఆ మాట తనకు తనే ఒప్పుకుంది కూడా. ఇక ఆగలేక సొంత చెవిపూస తీసి తగిలించుకుంది. ఎక్కడ దొరుకుతుందా తప్పు అని, విన్న పాదమల్లా తిరిగి పైకి అంటూ చెవులు రిక్కించింది.

“పట్టాల పక్క మాదొక ఊరు,
రైలొస్తె గిన్నెలు ఒణికే తీరు,
ఒర్రితె గాని ఇనబడదు పేరు...”

బాగుంది. ఛీ, ఎంత బాగుందో! గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంతలో పాట ఆగింది. డప్పు మాత్రం సన్నగా మోగుతోంది. ఎస్తేరు నోటికి తొమ్మిదేళ్ళ అలవాటు.

“ఒర్రినం, రైలే ఆగింది సూడు!” అనేసింది పైకే.

“అబ్బ! మంచిగన్నవే!” అంది రత్నాబాయి.

“సూసిన్రా? నేనుంటే గిట్లుండేది. దానికి నాలుగోది దొరకలే పెద్దమ్మా! దొరకక ఖాళీ ఇడిసిపెట్టింది!” ఎస్తేరు గొంతులో సంబరం దాగలేదు.

ఆ ఊపులోనే ఆ పని చేసింది. రసపీఠం పద్ధతిలో తోటి కళాకారులకు ఒక హక్కుంది. ఒక్కరు అభ్యంతరం చెబితే పదివేలమంది శ్రోతల పెట్టు, చెప్పినవాళ్ళ పేరు బయటకు రాదు. ఎస్తేరు పలక దగ్గరికి వెళ్ళి పలికింది. “నాలుగో పాదాల ఖాళీలు లోపం. మూసెయ్యాలె.” తిరిగొచ్చి రత్నాబాయి పూస చేతికిస్తుంటే మనసు హాయిగా ఉంది.

సాయంత్రం ఆరు దాటాక తుది విమర్శ వెలువడింది. “తోటి కళాకారుల్లో ఒకరి అభ్యంతరంతో ఖాళీలు మూసివేయబడినవి. పాట ఇప్పుడు నిండుగా, ఏకధారగా ఉన్నది. శిఖర శ్రోత: మౌలాలి ఎస్తేరు. నలభై లక్షల మందిలో అత్యధిక రసస్పందన ఆమెదే. భావం: పరమానందం.”

ఎస్తేరు తన పేరు మళ్ళీ చదువుకుంది. పూసకు గుండె వేగం తెలుసు, వెంట్రుకల నిటారు తెలుసు. ఓర్వలేనితనానికి దాని దగ్గర గడి లేదు. రోజూ పూసల పొట్ట విప్పి చూసే తనకు ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు.

చెవిపూసలోనే పిలుపు మోగింది. భూలక్ష్మి. ఏడుస్తోంది.

“ఎస్తేరూ... నీకు నచ్చిందంటనే! నలభై లక్షల మందిల నీకే! నేనేమో నువ్వు ఇననే ఇనవనుకున్న. మొహం మాడ్సుకుని కూసుంటవనుకున్న.”

“భూలచ్చిమీ...”

“ఇనవే ముందు. ఒంటిగ పాడుదామని పోయిన గాని, నాలుగోదాని కాడికొస్తే నా నోరు లేస్తలేదే. నీదే గుర్తొస్తది. ఇగ రాయలే, పూరించలే. నీ జాగ నీకే ఇడిసిపెట్టిన. ఇవాళ నువ్వు ఇంటే సాలు, సప్పున అర్థమైతది, వొచ్చి నిండిస్తవు, రేపు నాకున్న కచేరీల కలిసి పాడొచ్చని... ఎవడో కడుపుమంటగాడు మూయించిండు. పచ్చిపాట నా కాడ గూడ లేదిప్పుడు. ఆర్నెల్ల కష్టమే.”

ఎస్తేరు చేతిలో పని పక్కన పెట్టింది. భూలక్ష్మికి దొరకని పాదం అనుకుంది తను. తన కోసం తుడిచి పెట్టిన చోటు అది. తన నోరు అందుకుంది, తన బుద్ధి అందుకోలేదు.

“నేనేనే,” అంది.

“ఏంది?”

“అభ్యంతరం చెప్పింది నేనే. నచ్చి గాదు. కుళ్ళుతోని. నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయిన. నేనే మూయించిన భూలచ్చిమీ.”

తిడుతుందని ఎస్తేరు కాచుకుంది. తిట్టాలనే కోరుకుంది.

భూలక్ష్మి ముక్కు ఎగబీల్చి నవ్వింది. “పో! నన్ను ఓదార్చనీకే నీ మీద ఏసుకుంటున్నవా? నాకు తెల్వదా నీ సంగతి!”

“ఒట్టే. మా అమ్మ తోడు.”

“అమ్మను మధ్యలకు తేకు. యంత్రం నీ పేరుతోని సహా ఏసింది గదనే, పరమానందమని. అది అబద్దం జెప్తదా? ఆ మాట పటం కట్టిచ్చి ఇంట్ల పెట్టుకుంట నేను.”

“భూలచ్చిమీ, నా మాట నమ్మవే...”

“నమ్ముతలేను, పోవే. పొద్దుగాల వొస్త, చాయ్ పెట్టు,” అని భూలక్ష్మి పిలుపు ముగించింది.

బయట బజారులో జనం పక్కాపాట వింటూ వెళ్తున్నారు. ఎస్తేరు దుకాణం తలుపు మూసి లోపలే కూర్చుంది.