చదివే దువ్వెన

నూకరత్నానికి లోకంలోని భయాలన్నీ ఒక ఎత్తు, కూతురు పైడిని తన దగ్గర్నుంచి తీసుకుపోతారన్న భయం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ భయం రోజూ పొద్దున్నే బడి గేటు దగ్గర దువ్వెన రూపంలో కాచుకుని ఉండేది.

అది 2074వ సంవత్సరం. పాత ఊరిని సముద్రం మింగి అప్పటికి ఇరవై ఏళ్లు. ఊళ్లో మిగిలినవాళ్లకు నీళ్ల మీద తేలే కాలనీ ఒకటి కట్టించారు. పేరు తెప్పలవాడ. ఉప్పునీటిని మంచినీరు చేసే ఫ్యాక్టరీ అక్కడే ఉంది గానీ, అందులోంచి వచ్చే మంచినీళ్లు గొట్టాల్లో ఒడ్డుకే పోతాయి. తెప్పలవాడలో మనిషికి రోజుకు రెండు చెంబులు. మిగిలిన చవిటినీళ్లలో ఉప్పదనం తెలియకుండా చక్కెర, నిద్ర రాకుండా కెఫీన్ దండిగా కలిపి, 'జోరు' అని పేరుపెట్టి వీధి కుళాయిలో వదిలేవారు. ఎంత పట్టుకున్నా అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీలో వరసగా రెండు డ్యూటీలు నిలబడాలంటే అది గొంతులో పడాల్సిందే.

జోరు వచ్చిన కొన్నేళ్లకు పిల్లల జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, అన్నం కంచంలో, ఎక్కడ చూసినా వెంట్రుకలే. అప్పుడు ఒడ్డు నుంచి డాక్టర్ ఇందుమౌళి వచ్చి, మూడేళ్లు గది తలుపులు మూసుకుని ఒక యంత్రం చేసింది. ఆవిడ పెట్టిన పేరు కేశపఠని. జనం నోట్లో అది చదివే దువ్వెన.

వెంట్రుక వేరుకు తిండి పెట్టేది రక్తం. రక్తంలో ఆ రోజు ఏముంటే దాని జాడ వెంట్రుకలోకి వస్తుంది. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, కొస నుంచి వేరు దాకా చూసుకుంటూ పోతే మనిషి తాగిందంతా రోజువారీగా దొరుకుతుంది. దువ్వెన పళ్లలో ఒక్కోదానికీ ఒక సెన్సర్. తలలో ఒక్కసారి దూర్చి లాగితే చాలు, చదివేస్తుంది. తల్లికి ముందే తెలిస్తే బిడ్డను కాపాడుకుంటుందని డాక్టర్ ఆశ. ప్రభుత్వం దానికొక రూలు తగిలించింది. మూడుసార్లు ఎర్రదీపం వెలిగితే పిల్లను ఏడాదిపాటు ఒడ్డున శుద్ధి కేంద్రంలో పెడతారు. తల్లి అక్కడికి పోవడానికి వీల్లేదు.

ఆ శుక్రవారం పొద్దున్న తొమ్మిదేళ్ల పైడి తలలో దువ్వెన రెండోసారి ఎర్రగా వెలిగింది. పళ్ల మధ్య గుప్పెడు జుట్టు చిక్కుకుని బయటికి వచ్చింది.

"నీయమ్మ కడుపు మాడ! మా గుంట జోరు ముట్టదు. ఒట్టేసి సెప్పింది," అంది నూకరత్నం దువ్వెనతోనే.

"ముట్టింది తల్లీ," అంది దువ్వెన మెత్తటి గొంతుతో. "నాలుగు నెలలుగా వారానికి నాలుగు రోజులు. సోమ, మంగళ, గురు, శని. మధ్యలో ఒక్క శనివారం లేదు."

నూకరత్నం వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ నాలుగూ తను రెండో డ్యూటీ చేసే రోజులు. ఆ ఒక్క శనివారం జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయింది.

సాయంత్రం పైడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. కొట్టాలనుకున్న చెయ్యి లేవలేదు.

"ఎందుకే తాగినావు?"

"నువ్వొచ్చీసరికి మెలకువగా ఉండాల గదా," అంది పైడి, అదేం ప్రశ్న అన్నట్టు. "పడుకుండిపోతే పొద్దున్నే నువ్వు మళ్లీ ఎలిపోతావు. నానింక నిన్నెప్పుడు సూడాలి?"

రెండో డ్యూటీ మానేస్తే తెప్ప మీద గది ఉండదు. ఆ సంగతి పైడికి తెలియదు. నూకరత్నం చెప్పలేదు.

పక్కగది ముసలమ్మ పేరు హన్సిక. ఆమె చిన్నప్పుడు ఆ పేర్లే ఫ్యాషన్. ఈ కాలం పిల్లలకు మళ్లీ ముత్తవ్వల పేర్లు పెట్టుకుంటున్నారని ఆమెకు నవ్వు. అన్నీ విని ఆమె నూకరత్నం చెవిలో మెల్లగా చెప్పింది.

"ఓసి పిచ్చిదానా, మొక్కుందని గుండు గీయించెయ్యే. దేముడికిచ్చిన జుట్టు గురించి ఏ దువ్వెనా అడక్కూడదు. రూల్లోనే రాసుంది."

ఆదివారం మంగలి తెప్ప దగ్గరికి వెళ్తే సగం కాలనీ అక్కడే బారులు తీరి ఉంది. కత్తి నూరుకుంటూ మంగలి గవరయ్య నవ్వుతున్నాడు.

"ఇన్నేళ్లూ దేముడు ఎవుడికీ గేపకం రానేదు. దువ్వెనొచ్చింది, భక్తి పొంగిపోతంది! రండి రండి, ఎవుడి పాపం ఆడి నెత్తి మీంచి దింపుతాను."

పైడి జుట్టు తీయడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. తీయడానికి పెద్దగా ఉంటేగా.

సోమవారం బడి గేటు దగ్గర వరసలో నిలబడ్డ పిల్లలందరివీ నున్నటి గుండ్లే. ఎండకు తళతళమంటున్నాయి. ఒక్కో తల మీదా దువ్వెన జారుకుంటూ పోయి అదే మాట చెబుతోంది.

"చదవడానికి ఏమీ లేదు. లోపలికి వెళ్లవచ్చు."

తలకు గుడ్డ చుట్టుకుని పక్కనే నిలబడి చూస్తోంది డాక్టర్ ఇందుమౌళి. నూకరత్నాన్ని ఆపింది.

"కుళాయి కట్టేస్తారనుకున్నానమ్మా. జుట్టు తీసేస్తారనుకోలేదు. నిజం చెప్పు, ఏం మొక్కు?"

"మొక్కేనమ్మా," అంది నూకరత్నం తల దించుకుని. "పిల్ల నాకాడే ఉండాలని."

అప్పుడే సముద్రం మీంచి గాలి విసురుగా వచ్చి డాక్టర్ తలగుడ్డ ఎగిరిపోయింది. కింద ఒక్క వెంట్రుక లేదు. రెండు రోజుల కిందట గీయించిన గుండు. చెవి పక్కన కత్తి గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

పైడి కిసుక్కున నవ్వింది. నూకరత్నం నవ్వలేదు.

"మీదీ మొక్కేనా అమ్మా?"

డాక్టర్ గుడ్డ వెనక పరుగెత్తలేదు.

"వచ్చే నెల నుంచి పెద్దవాళ్లకూ దువ్వెన పెడతారట. మూడేళ్లు నిద్ర లేకుండా చేశాను దీన్ని. ఏం తాగి మేలుకున్నాననుకున్నావు?"

చదవడానికి జుట్టే మిగల్లేదని ఆ సాయంత్రం దువ్వెనను పెట్టెలో పెట్టేశారు. కుళాయి మాత్రం కారుతూనే ఉంది.

నాలుగు నెలలైంది. పైడి తల మీద అక్కడక్కడా నూగు వచ్చింది, మిగతాచోట్ల ఏమీ రాలేదు. పలక పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. ఇప్పుడది ఎంత తాగుతోందో చెప్పేవాళ్లు లేరు. నూకరత్నం డ్యూటీకి పోతూ ఆ తల నిమిరి, ఈరోజు తాగకేం అంటుంది. పైడి అలాగే అంటుంది. ఇద్దరికీ తెలుసు.

మీరెప్పుడైనా తెప్పలవాడ వైపు వస్తే, నాలుగో వరసలో నీలం తలుపు గది వాళ్లది. సోమ, మంగళ, గురు, శని సాయంత్రాలు పిల్ల ఒక్కతే ఉంటుంది. దయచేసి ఒకసారి తలుపు కొట్టండి. అమ్మ వస్తుందిలే అని చెప్పి, అది కళ్లు మూసుకునేదాకా కాసేపు కూర్చుని రండి.