కనుమలో పిలిచిన పేరు

గొర్రెల మందను పక్క గుడారం వాళ్ళకు అప్పగించి, పొద్దున్నే వెన్న టీ తాగి బయల్దేరాం. మోటారుబండి నడిపేది మా తమ్ముడు లొద్రో. మధ్యలో నా ఏడేళ్ళ కూతురు యుమ్‌ఛో, వెనక నేను. పిల్లకు మూడు రోజులుగా జ్వరం, ఒళ్ళు పెనంలా కాలుతోంది. సేర్తాంగ్ ఆస్పత్రికి చేరాలంటే కనుమ దాటాలి.

"గట్టిగా పట్టుకో అక్కా. పడ్డావంటే నిన్ను మోయడానికి జడలబర్రె కూడా ఒప్పుకోదు."

"నీ నోటికంటే జడలబర్రె నయం. ముందు చూసి నడుపు."

లొద్రో అన్నది వాడికి కొత్త పేరు. ముప్పై ఎనిమిది రోజుల కిందట నా మొగుడు పోయాడు. ఇద్దరిదీ ఒకటే పేరు. పోయినవాళ్ళ పేరు పలికితే, వాళ్ళు పోయే దారి వదిలి వెనక్కి వస్తారు. అందుకే లామా మా తమ్ముడికి పేరు మార్చాడు. ముప్పై ఏళ్ళు పిలిచిన పిలుపు నాలుక మీద నుంచి అంత తొందరగా పోతుందా? ఆ పేరు ఇక్కడ కూడా రాయను, నాకు భయం.

మిట్టమధ్యాహ్నం కనుమ మీద మంచు కమ్మింది. నేలేదో ఆకాశమేదో తెలియని తెలుపు. తమ్ముడు బండి ఆపాడు.

"మీరిక్కడే ఉండండి, దారి చూసొస్తా."

నాలుగడుగులు వేశాడు. అంతే, కనబడలేదు.

ఎంతకీ రాడు. గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఒళ్ళో పిల్ల మూలుగు ఆగిపోయింది... కళ్ళు తేలేసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

తమ్ముణ్ణి కేకేశాను. పాత పేరుతో.

అరిచాక గానీ తెలియలేదు. చేత్తో నోరు మూసుకున్నాను. అప్పటికే మంచులోంచి ఒక మనిషి నడిచొస్తున్నాడు, ముఖం నిండా గుడ్డ చుట్టుకుని. తమ్ముడే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

"దారి దొరికిందా?"

బండెక్కాడు. పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని నేనూ ఎక్కాను. బండి కదిలింది. ఎక్కడా తడబడలేదు, ఒక్క గుంత కూడా తగల్లేదు. కోటు నుంచి ధూపం వాసన... శవం దగ్గర వేసే ధూపం.

"ఏరా, మాట్లాడవేం?"

పిల్ల కళ్ళు తెరిచింది. ఆ వీపుకు చెంప ఆనించి హాయిగా నిద్రపోయింది.

ఆస్పత్రి ముందు దిగి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తాను. డాక్టరు సూది వేసి, ఇంకో గంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నాడు.

చీకటి పడకముందే లొద్రో వచ్చాడు. ఒళ్ళంతా మంచు.

"ఏమైపోయావక్కా? తిరిగొచ్చేసరికి మీరూ లేరు, బండీ లేదు! లారీ పట్టుకుని వచ్చా. ఎవరు తీసుకొచ్చారు?"

కిటికీలోంచి కిందున్న బండి చూపించాను. వాడు మెల్లగా పిడికిలి తెరిచాడు.

"తాళంచెవి నా దగ్గరే ఉంది కదే..."

కిటికీ కింద బండి స్టార్టయింది.

గిరుక్కున మంచం వైపు తిరిగాను. యుమ్‌ఛో లేచి కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. వెళ్ళి దాని రెండు కాళ్ళూ పట్టేసుకున్నాను.

"ఎక్కడికే తల్లీ?"

"నువ్వు రావద్దులే అమ్మా," అంది గుసగుసగా. "నన్నొక్కదాన్నే రమ్మంటున్నాడు."